బావకి వదిలిన సందు

“అక్కా, నిన్న మళ్ళీ నీ చేతిలో చచ్చాను” అన్నాడు రిపేరు తమ్ముడు, తలుపు గడియల డబ్బా మీద మోచెయ్యి ఆనించి.

పక్క కొట్లో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. అతను నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ మాటకి నవ్వే రోజులు బోనక్కకి దాటిపోయాయి. కుడిచేతి మీద కప్పుకున్న తువ్వాలు సర్దుకుని, ఎడంచేత్తో కొక్కేల పొట్లం అతని ముందుకు తోసింది.

“నా చేతిలో ఎందుకు చస్తావురా? నా చెయ్యి ఇదిగో, ఒళ్ళో పడి నిద్రపోతోంది. నువ్వు చచ్చింది దాని చేతిలో. వెళ్ళి దాన్నే అడుగు.”

“తెర మీద నీ పేరే కదక్కా పడుతోంది! ‘నిన్ను బోనక్క చంపింది’ అని ఎర్రక్షరాల్లో.”

గల్లా దగ్గర కూర్చున్న షావుకారు తలెత్తి ఒక చూపు చూశాడు. తమ్ముడికి అర్థమై పొట్లం తీసుకుని జారుకున్నాడు. మనిషి వెళ్ళాడు గానీ మాట మాత్రం కొట్లోనే ఉండిపోయింది.

తాళాలు, గడియలు, తలుపు బందులు, స్ప్రింగులు, ఎలకల బోనులు అమ్మే కొట్టు అది. షావుకారికి సరుకు తెచ్చే తెలివి ఉంటే, అమ్మే తెలివి బోనక్కది. ఎలకల బోను ఎవరికి అమ్మినా ముందు తన కుడి చూపుడువేలితో దాని నాలిక మీద రెండుసార్లు తట్టేది. మొదటిది ఉత్తుత్తి తట్టు, రెండోదానికి తలుపు పడేది. టక్, టక్. “మొదటి తట్టుకే పడిందంటే అది గాలికి కూడా పడుతుంది. అలాంటిది నేనమ్మను” అనేది. బజారంతా ఆమెకి పెట్టిన పేరు అలా వచ్చింది. మేనమామ కూతుర్నే పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి షావుకారు మాత్రం ఆమెని ఇప్పటికీ పిల్లా అనే పిలుస్తాడు, జుట్టు నెరిసినా సరే.

భోజనాల తర్వాత బజారు మందగించే వేళ ఇద్దరూ వెనకగదిలో కూర్చుని ఆట ఆడేవాళ్ళు. తమ్ముడే పాత కంప్యూటర్లు రెండు పక్కపక్కన పెట్టి ఆ నేలమాళిగ ఆట ఎక్కించాడు. ఒక్కో అంతస్తూ దిగుతూ, అక్కడున్న పిశాచాలని కొడుతూ, అట్టడుగుకి చేరాలి. వాళ్ళు ఎంచుకున్న పద్ధతిలో ప్రాణం ఒక్కటే. పాత్ర చచ్చిందా, ఎంతకాలం పెంచిందైనా ఇక లేనట్టే.

పాత్రని పెంచడం షావుకారికి తొలిరోజే తలకెక్కింది. అది ఆట కాదు, పెట్టుబడి. మెట్టెక్కినప్పుడల్లా చేతికొచ్చే పాయింట్లని అన్నిట్లో తలా కాస్తా చల్లేవాడు పై అంతస్తుల్లో దర్జాగా తిరుగుతాడు. దిగేకొద్దీ దేనికీ చాలడు. అందుకని అతను ఉన్నదంతా ప్రాణంలోనూ దమ్ములోనూ పోశాడు. చేతికి డాలు, సుత్తి ఇచ్చాడు. ఆ పాత్ర నడక నత్తనడక, కానీ ఎన్ని దెబ్బలు పడ్డా నిలబడుతుంది. దానికి బస్తా అని పేరు పెట్టింది బోనక్కే. “నిన్ను చూసే పెట్టా” అంది కూడా.

ఆమె మాత్రం మొత్తం ఒక్కదాంట్లోనే పోసింది. ఉచ్చులు. ప్రాణానికి ఒక్క పాయింటు కూడా విదల్చలేదు.

“ఊదితే ఎగిరిపోతావే పిల్లా!”

“ఊదేవాడు నా దాకా వస్తే కదా బావా.”

నిజంగానే ఎవరూ వచ్చేవారు కాదు. మలుపులో మంచు ఉచ్చు పెట్టేది, వచ్చినవాడి కాళ్ళు బిగుసుకోవాలని. దాని వెనక ముళ్ళు. నిప్పు అన్నిటికన్నా చివర, మంచుకి దూరంగా. దగ్గర పెడితే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. ఉచ్చు అమరడానికి ఊపిరి బిగబట్టినంతసేపు పడుతుంది గనక కంగారు పనికిరాదు. బస్తా ముందుకెళ్ళి డాలు వాయించి మందనంతా రెచ్చగొట్టి వెంట తెచ్చేది. ఆమె పాత్ర లోపల కదలకుండా నిలబడేది. ఎన్నడూ చెయ్యెత్తి ఎవరినీ కొట్టలేదు. “ఉచ్చులు పెట్టేది కొట్టకూడదు. వచ్చినవాడే తొక్కి పోవాలి” అనేది.

చిక్కల్లా ఒకటే. ఆ ఉచ్చులకి మనవాడు, పరాయివాడు అన్న తేడా లేదు. బస్తా తొక్కినా పేలతాయి. అందుకని ఆమె ఉచ్చుల మధ్య ఒక సందు వదిలేది. మామూలుగా ఎవరూ వదలని చోట, ఎడంపక్క, స్తంభం చాటున, డాలు పట్టేంత వెడల్పున. షావుకారు మౌస్ పట్టే తీరుకి బస్తా ఎప్పుడూ ఎడమకి ఒరిగేది. సరిదిద్దుకోమని చెప్పి చెప్పి విసిగి, చివరికి అతని వంకరకే దారి వేసింది. దానికి బావ సందు అని పేరు పెట్టింది. బస్తా లోపలికి రాగానే టక్ టక్ మని సందు మూసేది. “వచ్చావా? మూసేశా” అనేది. అలా ఒకరి వీపు ఒకరికి ఆనించి, బయట పిశాచాలు మంచులో బిగుసుకుని ముళ్ళమీద పడుతుంటే, టీ తాగేవాళ్ళు.

అట్టడుగు అంతస్తులో అలా ఉచ్చులు పరుస్తున్న ఒక మధ్యాహ్నమే ఆమెకి పక్షవాతం వచ్చింది. ఏదో అని అతన్ని వెక్కిరిస్తోంది. మాట మధ్యలో నోరు ఒకపక్కకి జారింది. చెయ్యి మౌస్ మీంచి పక్కకి వాలింది. పరాచికమాడుతోందనుకున్నాడు షావుకారు. తెర మీద ఉచ్చు సగమే అమరింది. దాని మీదుగా ఏదో నడుచుకుంటూ వచ్చి ఆమె పాత్రని ఊదినట్టే పడేసింది. బస్తాని గుమ్మం బయటే వదిలేసి అతను ఆమెని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాడు.

మాట తిరిగొచ్చింది. నడక కర్రతో వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. దాన్ని చూడ్డం ఇష్టంలేక ఆమె తువ్వాలు కప్పుకోవడం మొదలుపెట్టింది.

ఇక అట్టడుగు సంగతి. ఆ ఆట నెట్‌లో ఆడేది గనక ఎవరు ఎక్కణ్ణుంచి దిగినా అట్టడుగు అందరికీ ఒకటే. ఆ అంతస్తులో చచ్చినవాళ్ళ నీడ అక్కడే ఉండిపోతుంది. అది ఆట తయారుచేసినవాళ్ళు పెట్టిన షరతే. బతికుండగా ఆ మనిషి ఎలా ఆడేదో నీడ అలాగే ఆడుతుంది. ఎవరైనా నీడని పడగొడితే పేరు విడుదలై అసలు మనిషికి చేరుతుంది. మామూలుగా ఏ నీడా ఎక్కువకాలం నిలవదు. బోనక్క నీడ మాత్రం పడలేదు. పడకపోగా, దిగినవాళ్ళనందరినీ పంపించేస్తోంది. బజారులో సగంమంది కుర్రకారు అందులో పోయినవాళ్ళే. కొట్టుకొచ్చి, తాళం కొని, పోతూ పోతూ “అక్కా, ఏం పెట్టావక్కా ఆ మలుపులో!” అని మెచ్చుకుని పోతారు.

తమ్ముడు వెళ్ళిన కాసేపటికి ఆమె అంది.

“పొద్దున రవిక బొత్తాలు ఎవరు పెట్టారు బావా నాకు?”

“నేనే కదా.”

“మరి అక్కడ ఆ పనంతా చేస్తోందెవరు?”

షావుకారు గల్లా మీది తాళంచెవుల గుత్తి చేతిలోకి తీసుకున్నాడు.

“నేనిక్కడ దువ్వెన పట్టుకోలేక ఏడుస్తుంటే, నా పేరు పెట్టుకుని, నా ఒడుపుతో అది రాజ్యమేలుతోంది. కొట్టుకి రెండు గల్లాలుంటే ఒప్పుకుంటావా నువ్వు? నాకూ అంతే. దాన్ని తీసెయ్యి. నా పేరు నాకు తెచ్చిపెట్టు.”

“అంతమందిని చంపింది. నన్ను వదులుతుందా? బస్తా పోతే మళ్ళీ పెంచే ఓపిక లేదు పిల్లా నాకు.”

“తమ్ముడు చెప్పింది వినలేదా మొన్న? ‘ఏం చూసుకుని వదిలిందో గానీ స్తంభం చాటున ఏనుగు పట్టే సందుందక్కా, అటెవడు పోతాడు’ అన్నాడు. ఎవడు పోతాడో నీకు తెలియదా?”

షావుకారు చేతిలోని తాళంచెవుల గుత్తి కింద పెట్టాడు.

* * *

ఆ మధ్యాహ్నం కొట్టు తలుపులు ఓరగా వేసి వెనకగదిలో కూర్చున్నారు. ఆమె కంప్యూటరు మీద దుమ్ము పేరుకుని ఉంది. దాని పక్క కుర్చీలోనే కూర్చుంది, తువ్వాలు కప్పిన చెయ్యి కుర్చీ చేతిమీద పెట్టుకుని. షావుకారు బస్తాని లేపాడు. అట్టడుగు గుమ్మం బయట, వదిలేసిన చోటే, డాలు ఆనించుకుని నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ ఎవరో రావాలని కాపలా కాస్తున్నట్టే.

లోపల హాలు. రాతి నేల. నాలుగు వైపులా స్తంభాలు, మధ్యలో గుండ్రటి వెలుతురు. ఆ వెలుతురులో బోనక్క పాత్ర నిలబడి ఉంది. ముఖం నల్లగా, అద్దం వెనక పూత చెరిగిపోయినట్టు. మిగతాదంతా ఆమె ఎంచిన బట్టలే, ఆమె ఎంచిన జడే.

నీడ వంగింది. టక్, టక్.

ఉత్తుత్తి తట్టు కూడా నేర్చుకుంది. ఆటలో దానికి పనేమీ లేదు. ఒక్క నొక్కు చాలు ఉచ్చు పెట్టడానికి. బోనుల దగ్గర వచ్చిన అలవాటు అది, ఆమె వేలిలో ఉన్నది, ఆమెకే తెలియకుండా చేసేది.

“నాదే” అంది బోనక్క మెల్లగా. “నా చప్పుడే.”

అతను ఆమె వైపు తిరిగాడు ఏదో అనబోతూ. తువ్వాలు అంచు కదిలింది.

కిటికీలోంచి గాలేమో అనుకున్నాడు. కిటికీ మూసి ఉంది. చూపు అక్కడే ఉంచాడు. తువ్వాలు కింద ఏదో లేచి దిగింది. అప్పుడు తెరలోంచి టక్. మళ్ళీ లేచి దిగింది, మళ్ళీ టక్.

షావుకారు జీవితమంతా త్రాసు ముల్లు చూస్తూ బతికిన మనిషి. సరుకు వేశాక ముల్లు వాలడం ఒక ఎత్తు, వెయ్యకముందే వాలడం ఇంకో ఎత్తు. చప్పుడు విని వేలు ఉలిక్కిపడిందంటే దానికి, చేతికి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి ఏదో పేరు చెబుతుంది. కానీ వేలే ముందు కదులుతోంది. చప్పుడు దాని వెనకే వస్తోంది.

ఆమె తెర వైపే చూస్తోంది. ఆ చేతిలో స్పర్శ లేదు. ఆమెకి తెలియదు.

“ఏంటి బావా, బిగుసుకుపోయావు? మంచు ఉచ్చు నీకింకా తగల్లేదు. కదులు.”

కదిలాడు. వ్యాపారికి కొత్త సంగతి తెలిసినప్పుడు వెంటనే బయటపెట్టడు. ముందు దాని ధరెంతో చూసుకుంటాడు. బస్తా గోడ వెంబడి నడిచి, తన వంకరకి తానే ఎడమకి ఒరిగి, స్తంభం చాటుకి వెళ్ళింది. అక్కడ నేలంతా గీతలు, మెరుపులు. మధ్యన డాలు పట్టేంత ఖాళీ. ఒక్క చారకూడా లేని రాయి.

అందులో అడుగు పెట్టడమంటే తన కొట్లోకి తాను వెళ్ళినంత తేలిక. పేలలేదు. బిగుసుకోలేదు. బస్తా నడుచుకుంటూ వెళ్ళి వెలుతురులో నీడ పక్కన నిలబడింది. నీడ దాన్ని దాటుకుని సందు దగ్గరికి వెళ్ళి వంగింది. తువ్వాలు లేచింది. టక్. లేచింది. టక్.

“వచ్చావా” అనుకున్నాడు షావుకారు మనసులో. “మూసేశా.”

నీడ తిరిగొచ్చి బస్తా వీపుకి వీపు ఆనించి, ముఖం లేని ముఖాన్ని బయటి చీకటివైపు తిప్పి నిలబడింది. ఎప్పుడూ నిలబడినట్టే.

ఇప్పుడు చుట్టూ ఎక్కడా ఖాళీ లేదు. ఉచ్చులు పెట్టినది పడితే ఉచ్చులన్నీ పోతాయి. పడకపోతే బస్తా ఇక్కడే.

“చూశావా?” బోనక్క గొంతులో చాలా రోజుల తర్వాత పాత వేడి. “నీకు వీపు ఇచ్చి నిలబడింది వెర్రిమొహంది. దానికి నిన్ను చంపడం రాదు. నేను నేర్పలేదు కదా. కొట్టు ఇక.”

షావుకారు సుత్తి ఎత్తాడు. ఎత్తి అలాగే ఉంచాడు. ఉచ్చులు కాలం గడిచేకొద్దీ బలం తగ్గుతాయి. నీడ అటు వెళ్ళి ఒకదాన్ని కొత్తగా పెట్టింది, ఇటు వచ్చి ఇంకోదాన్ని. వెళ్ళినప్పుడల్లా తువ్వాలు కింద వేలు పనిచేస్తోంది. ఇన్ని నెలల్లో ఫిజియో అమ్మాయి ఎంత లాగినా, ఎంత రుద్దినా కదలని వేలు.

“కొట్టవేం?”

“దమ్ము అయిపోయింది. కాస్త ఆగాలి.”

“బస్తాకి దమ్మేంటి, అయిపోవడమేంటి? సగం పాయింట్లు దాంట్లోనే పోశాం కదా! ఎవరికి చెబుతున్నావు బావా ఈ కబుర్లు, గుమ్మంలోకొచ్చిన బేరానికా?”

ఆమె అతని వైపు తిరిగింది. అతని చూపు ఎక్కడుందో చూసింది. అతను ఇంకేమీ చెప్పలేక చెయ్యి చాపి తువ్వాలు తీసేశాడు.

కుర్చీ చేతిమీద ఆ చెయ్యి మైనంతో చేసినట్టు పడి ఉంది. చూపుడువేలొక్కటీ లేచింది. దిగింది. టక్. లేచింది, దిగింది. టక్.

వీధిలో ఎవరో షట్టరు పైకెత్తారు. బోనక్క తన వేలివంక, కొట్లోకి చొరబడ్డ పరాయి పిల్లివంక చూసినట్టు చూసింది.

“ఎంతసేపట్నుంచి?”

“లోపలికొచ్చిన దగ్గర్నుంచి.”

“చెప్పకుండా లెక్కలేసుకుంటున్నావన్నమాట.”

“ఏం లెక్క పిల్లా, లెక్క తేలితేగా! దాన్ని కొడితే ఈ వేలు పోతుందేమో. కొట్టకపోతే... రోజూ మధ్యాహ్నం ఇలా కూర్చుంటాను. బస్తా లోపలే ఉంటుంది. అది పెడుతూనే ఉంటుంది, నీ వేలు కదులుతూనే ఉంటుంది. మెల్లగా మిగతా వేళ్ళు కూడా...”

“ఎవరి వేళ్ళు?” అంది ఆమె.

అతను చేతిలోని తువ్వాలు మడతపెట్టాడు.

“కదులుతోంది బావా, నిజమే. ఎవరికి కదులుతోంది? నేను కదలమంటే కదలట్లేదు. ఇదిగో, చెబుతున్నా, ఆగవే! ఆగిందా? అది లాగితే లేస్తోంది. నా ఇంట్లో ఉంటూ దాని కొలువు చేస్తోంది. అద్దెకిచ్చిన గదిలా ఉంది నా చెయ్యి.” బోను పనికొస్తుందో లేదో చూసేటప్పుడు ఉండే గొంతు అది. “ఇలాంటి కదలిక నాకొద్దు.”

“పోతే మళ్ళీ రాదేమో.”

“ఇప్పుడు మాత్రం ఉందా?”

షావుకారు మౌస్ మీద వేలు పెట్టాడు. తెరలో ఆ వీపు. ఎన్ని మధ్యాహ్నాలు ఆనుకున్న వీపో. అతని వేలు కూడా ఆ చేతిలాగే కదలలేదు.

“నావల్ల కాదే” అన్నాడు.

“తెలుసు. ముద్దపప్పువి.” ఆమె కర్ర పక్కన పెట్టింది. “బస్తాని సరిగ్గా దాని వీపుకేసి తిప్పు. సుత్తి దానికి తగిలేలా. ఆ, అంతే. ఇక జరుగు.”

“ఎడంచేత్తో కొడతావా?”

“నేనెప్పుడైనా కొట్టానా?”

జరిగాడు. ఆమె ఎడంచేత్తో తన కుడిచేతి మణికట్టు పట్టుకుని, బరువైన పొట్లం ఎత్తినట్టు ఎత్తి, తెచ్చి అతని మౌస్ మీద పెట్టింది. వేళ్ళు ఒక్కొక్కటీ సర్దింది. చూపుడువేలిని సరిగ్గా నొక్కే చోట ఆనించింది. ఆ మౌస్ నొక్కితే బస్తా సుత్తి దిగుతుంది.

అప్పుడర్థమైంది షావుకారికి. అట్టడుగులో ఇన్నాళ్ళుగా ఎన్ని ఉచ్చులు పెట్టిందో ఆ నీడ; ఇది మాత్రం దానికి తెలియని ఉచ్చు. అది తెర లోపల పెట్టింది కాదు. నీడ తన పని తాను చేసుకోబోతుంది, చెయ్యడానికి ముందు ఈ వేలు దిగుతుంది. వచ్చినది తానే తొక్కి పోతుంది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు, ఉచ్చు అమరేటంతసేపు.

తెరలో నీడ కాళ్ళ దగ్గరే ఒక మంచు గీత వెలిసిపోతోంది. నీడ తల అటు తిప్పింది. వంగబోయింది. వంగబోతూ ఒక్క క్షణం ఆగింది. ముఖం లేని ముఖం మెల్లగా వెనక్కి తిరిగింది, బస్తా వైపు కాదు, ఇంకా పైకి, తెర బయటికి, అద్దంలోంచి చూసినట్టు. షావుకారి కుర్చీ వెనక్కి జరిగింది. బోనక్క కదల్లేదు.

“చూడవే, చూడు” అంది. “పని మానేసి ఉండగలవా? ఉండలేవు. నాకు తెలుసు.”

నీడ వంగింది.

వేలు దిగింది. సుత్తి దిగింది. పెద్ద చప్పుడేం కాలేదు. ఊదితే ఎగిరిపోయేదే కదా. బట్టలు, జడ నేలమీద పోగుపడి మాయమయ్యాయి. చుట్టూ ఉచ్చులు ఒక్కొక్కటిగా, ఊరంతా దీపాలార్పుకున్నట్టు ఆరిపోయాయి. తెర మీద ‘బోనక్క’ అన్న పేరు తెల్లటి అక్షరాల్లో వెలిగి, ఇక అసలు మనిషి తీసుకోవచ్చన్నట్టు పక్కకి తప్పుకుంది. ఖాళీ హాలు. బస్తా ఒక్కటే.

బోనక్క పెద్దగా ఊపిరి వదిలింది. “అయిపోయింది” అంది. కళ్ళనిండా నీళ్ళు. “పో... పోయిందిలే పీడ.”

షావుకారు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ వేలివంక చూడకూడదనుకున్నాడు. ఇక లేవదు. లెక్క తేలింది, నష్టానికే అయినా. తేలిన నష్టం తేలని లాభం కన్నా నయం అనుకుని, చెప్పబోయాడు.

వేలు లేచింది. దిగింది.

బస్తా సుత్తి గాలిలో ఊగి ఉత్త నేలని కొట్టింది. టక్.

రెండో తట్టు.

“పిల్లా! కదిలించావు!”

ఆమె నోరు తెరుచుకుని వేలివంకే చూస్తోంది.

“నేను కాదు బావా” అంది.

* * *

ఫిజియో అమ్మాయి ఎంతో సంతోషించింది. కదలిక రావడమే గొప్ప, ఇక మీ మాట వినేలా చేసుకోవాలి అంది. బోనక్క రోజూ చెప్పి చూసింది. అది వినలేదు. దానికి తోచినప్పుడు రెండు తట్లు, ఊపిరి బిగబట్టినంతసేపు ఆగడం, మళ్ళీ రెండు తట్లు. పేరు విడుదలైంది, ఆట కట్టేశారు, కంప్యూటర్లు రెండూ తమ్ముడు తీసుకుపోయాడు. అయినా ఆగలేదు.

“అక్కా, అట్టడుగు ఖాళీ! ఇప్పుడెవరూ చావట్లేదు, చప్పగా ఉంది” అన్నాడు తమ్ముడు ఒకరోజు.

“అయితే నువ్వే వెళ్ళి చచ్చి ఉండు, రద్దీగా ఉంటుంది” అంది బోనక్క.

ఆమె ఎంతైనా బజారు మనిషి. ఊరికే ఆడే వేలుని చూస్తూ కూర్చోలేదు. ఎలకల బోనులు ఒక్కొక్కటే ఎడంచేత్తో దాని కిందకి జరపడం మొదలుపెట్టింది. మొదటి తట్టుకి పడితే పక్కకి, రెండోదానికి పడితే అమ్మకానికి. తువ్వాలు మానేసింది. పరీక్షించిన బోనులని తలుపులు తెరిచి బల్ల చుట్టూ వరసగా పేర్చేది. బేరాలు పెరిగాయి, ఆ వేలు పనిచేయడం చూడ్డానికే కొందరు వచ్చేవాళ్ళు.

ఒక సంగతి షావుకారు ఎవరికీ చెప్పలేదు. బల్ల దాటి లోపలికి రావాలంటే ఎడంపక్క, రాక్ చాటున ఒక సందుంది. బోనుల వరస అక్కడ ఆగి, అవతల మళ్ళీ మొదలవుతుంది. అటుగా ఎవరొచ్చినా వేలు తన పని తాను చేసుకుపోతుంది. తను వచ్చేటప్పుడు మాత్రం ఆగుతుంది. తను లోపలికొచ్చి గల్లా దగ్గర కూర్చున్నాక లేస్తుంది. టక్, టక్.

మొదట్లో అది అతనికి బాగానే అనిపించింది. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టినట్టుండేది.

ఆ రోజు గోదాములో బందుల పెట్టె వచ్చిందని కబురొస్తే అతను లేచాడు. రాక్ దాకా వెళ్ళాడు. వేలు ఆగలేదు. ఆగుతుందేమోనని నిలబడ్డాడు. టక్, టక్. వరసలో ఒక బోను, నిన్నటిదాకా అక్కడ లేనిది, నోరు తెరుచుకుని సందుకి అడ్డంగా ఉంది. ఉత్త ఎలకల బోను. కాలితో పక్కకి తోస్తే పోతుంది.

“ఏం బావా, వెళ్ళవా?” అంది బోనక్క, వీధివైపే చూస్తూ.

షావుకారు దాన్ని కాసేపు చూసి, ‘వచ్చావా? మూసేశా’ అన్న పాత మాట చెవిలో మెదిలి, వెనక్కి వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు.

“తర్వాత వెళ్తాలే” అన్నాడు.